రైలు వినబడని గది

...అసలు ఇంజను మీద గది ఎవరికీ ఇవ్వకూడదు, వంటింటి కింద ఇవ్వనే కూడదు, తెల్లారకముందే గిన్నెల మోత నెత్తిన పడుతుంది. ఓడ నడిమిన దొరికితే కుదుపూ తక్కువే, చప్పుడూ తక్కువే. దుప్పటి అంచు పరుపు కిందికి దోపుతూ తోమా ఇదంతా తనలో తాను చెప్పుకుంటున్నాడు. ఓడ లేదు. ఇది అరకులో ప్రయాణికుల బంగళా, మూడో నంబరు గది. కిటికీ అవతల సిల్వర్ ఓక్ చెట్లు మంచులో తడుస్తున్నాయి. మదరాసు నుంచి సింగపూరు పోయే ఓడలో పైతరగతి గదుల బాయ్‌గా వయసంతా గడిపి, కొండెక్కి చాలా కాలమైంది. చేతులు మాత్రం పరుపు నాలుగు మూలలనీ ఇంకా ఓడలో లాగినట్టే లాగుతాయి.

విశాఖపట్నం నుంచి వచ్చిన వరహాలరావు దంపతులకి రాత్రి రెండో నంబరులో కునుకు పట్టలేదు. ఇనపరాయి మోసే గూడ్సు బళ్లు బంగళా వెనక నుంచే పోతాయి. అద్దాలు వణుకుతాయి. వరహాలరావు విసుక్కుంటే తోమా మూలగది మేలని చెప్పి, మంచం తలవైపు ఎటు తిప్పితే మోత చెవిన పడదో చూపించి, సామాను తనే మోశాడు. వాళ్లు సంతోషించారు. ఆ సంతోషం అతని ఒంట్లోకి వేడి టీలా దిగింది.

ఆ వేడితోనే వెనక రేకుల గదికి వెళ్లాడు. రైలు కట్టకి ఆనుకునే ఉంటుంది ఆ గది. అతని భార్య దేవమణి గోడకి చేరగిలబడి ఉంది. కాళ్లు వాచాయి, పెదాలు నీలంగా ఉన్నాయి. మిషను ఆసుపత్రి కాంపౌండరు వచ్చి, గుండె అలిసిపోయింది, ఇక మందు కాదు, నిద్ర కావాలన్నాడు. బండి పోయినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడి లేస్తుంది, తర్వాత చాలాసేపు ఊపిరి అందదు.

"మళ్లీ ఎవులికి గది మార్చినావు?" అంది.

చెప్పాడు.

"అందర్నీ అడుగుతావు, సప్పుడు పడదా, కిటికీ కావాలా అని. ఓడలో అయితే నన్ను ఏ కళాసులో ఏసుందువు?" నవ్వబోయింది. నవ్వు దగ్గులో కలిసిపోయింది. కాసేపటికి, నేల చూస్తూ అంది: "ముందు గదిలో ఒక్క రాత్రి తొంగోనీ నన్ను. రైలు ఇనపడకుండా."

ముందు గదంటే ఒకటో నంబరు. రెండు గదుల సూటు, రాతి గోడలు, లోయవైపు వరండా, తివాచీ. రైలు అక్కడిదాకా రాదు. ఎవరైనా పెద్ద ఆఫీసరు వస్తే కావాలని ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది. తాళంచెవి తోమా మొలలోనే ఉంటుంది.

"ఆఫీసరు జీపొస్తాదేమో నేడు. రానీ, పోనీ, అప్పుడు సూద్దాం," అన్నాడు. ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం అతన్ని పొద్దంతా వెంటాడింది.

మధ్యాహ్నం భోజనాల గదిలో కిటికీ పక్క బల్ల మీద తెల్లగుడ్డ పరిచాడు. ఓడలో కప్తాను బల్ల ఉన్నట్టే ఇక్కడ ఆ బల్ల ఆఫీసరుది. రుమాలు పువ్వులా మడిచి పెట్టాడు. వరహాలరావు భార్య, అక్కడ కూర్చుంటే లోయ కనబడుతుంది కదా అని అడిగింది. కాదండీ, వేరేవారిదండీ అని వంటింటి గుమ్మం పక్కన వడ్డించాడు. చారు పోస్తుంటే చెయ్యి ఆగింది. ఎవరిది? వచ్చేవాడి మొహం కూడా తెలియదు. ఆఫీసరంటే భయమా అని తన్ను తాను అడిగాడు. భయం కాదనిపించింది. పైన ఒక కుర్చీ ఎవరికోసమో ఖాళీగా ఉన్నంతకాలం, కింద తనకో చోటు ఉన్నట్టే. ఆ కుర్చీలో ఎవరైనా కూర్చోవచ్చంటే, ఇన్నేళ్లు వంగిన ఈ నడుం ఎందుకు వంగినట్టు? ఆ ఆలోచన చివరిదాకా పోనివ్వలేదు. చారు ఒలికింది. క్షమించమన్నాడు.

భోజనాలయ్యాక బంగళా గుమాస్తా సర్వేశ్వరరావు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ముందు గది ఒక్క రాత్రికి అడగాలనుకున్నాడు. ఏమిటన్నట్టు ఆయన తలెత్తాడు. ఫినాయిలు అయిపోయిందని చెప్పి తోమా వెనక్కి వచ్చేశాడు. వరండాలో స్తంభం పట్టుకుని, ఊపిరి అందనివాడిలా నిలబడ్డాడు.

పొద్దువాలుతుండగా గంజి పట్టుకుని రేకుల గదికి వెళ్లాడు. అప్పుడే గూడ్సు వచ్చింది. రేకులు మోగాయి, గూట్లో సీసా జరిగింది, గిన్నెలో గంజి వణికింది. దేవమణి కదల్లేదు. నిద్ర పట్టిందని అతనికి ప్రాణం లేచొచ్చింది. మెలకువ వస్తుందేమోనని గిన్నె చప్పుడు కాకుండా కింద పెట్టాడు. బండి పెట్టె తర్వాత పెట్టె పోతూనే ఉంది. ఆఖరి పెట్టె కూడా పోయాక, ఆ గదిలో మిగిలిన నిశ్శబ్దంలో తన ఊపిరి ఒక్కటే వినిపించింది.

చెయ్యి పట్టుకు చూశాడు, చల్లగా ఉంది. తర్వాత ఆమెను దుప్పటితో సహా ఎత్తుకున్నాడు. బరువు లేదు. మొలలో తాళంచెవి తీసి ముందు గది తెరిచాడు. మంచం లోయవైపు తిప్పి పడుకోబెట్టాడు. దుప్పటి అంచులు పరుపు కిందికి దోపాడు. దీపం వెలిగించాడు.

వెలుగు చూసి సర్వేశ్వరరావు గబగబా వచ్చాడు. "ఘాట్ మలుపులో జీపు లైట్లు కనబడుతున్నాయి. సూటు ఎందుకు తీశావు? లోపల ఎవరు?"

"మనిషున్నాదండి," అన్నాడు తోమా. "గది ఖాళీ నేదు."

ఆయన గుమ్మంలోంచి లోపలికి చూసి, పక్కకి తప్పుకున్నాడు.

తోమా వెనక్కి వెళ్లి దేవమణి రబ్బరు చెప్పులు తెచ్చాడు. గది ముందు, తివాచీ మీద, జత కలిపి పెట్టాడు. ఎడమదాని పట్టీకి పిన్నీసు పెట్టి ఉంది. మడమ దగ్గర అరిగిపోయిన చిల్లులోంచి తివాచీ మీది ఎర్రపువ్వు కనబడుతోంది.