వాలుగీతలు

గనులెక్కడ తవ్వాలో చూపే కొత్త మ్యాపులో తమ ఊరి మీద వాలుగీతలు పడ్డాయని గెర్లిండ్ పాష్కెకు నెల క్రితమే తెలుసు. ఊరి పెద్దగా అందరినీ ఫైరింజను షెడ్డులో కూర్చోబెట్టి ధైర్యం చెప్పింది కూడా ఆమే.

"నిలువుగీతలుంటే బొగ్గు గని తవ్వి తీరతారు. వాలుగీతలంటే ఆలోచిస్తారంతే. పదిహేనేళ్ళుగా చూస్తున్నా ఈ మ్యాపులు. అభ్యంతరాలూ గిభ్యంతరాలూ రాసి చేతులు నొప్పి పుట్టించుకోకండి" అంది. అందరూ నవ్వి, బీరు తాగి ఇళ్ళకు పోయారు.

ఇవాళ పొద్దున్న ఆవులను తోలబోతే పచ్చికలో ఎర్ర రంగు పూసిన సర్వే కర్రలు వరసగా పాతి ఉన్నాయి. చివరిది చర్చి గోడ పక్కన. పాతినవాళ్ళను ఎవరూ చూడలేదు. ఆమె వెంటనే కారెక్కి ప్రణాళిక ఆఫీసుకు పోయింది.

రాష్ట్రాన్ని ఐదు ప్రణాళికా ప్రాంతాలుగా కోశారు. ఒక్కోదానికి ఒక ఆఫీసు, ఒక మ్యాపు, ఒక పెత్తనం. రెండేళ్ళ కింద జిల్లాలు కలిపేసినప్పుడు ఈ ఊరు ఉత్తర ప్రాంతంలోంచి దక్షిణ ప్రాంతంలోకి వచ్చి పడింది. ఊరు అంగుళం కదల్లేదు, హద్దు కదిలింది. ఆ హద్దులు గీసే మహానుభావులకు ఊళ్ళంటే ఏం లెక్క!

ఆఫీసులో ట్రెప్టో అనే ఉద్యోగి మ్యాపు పరిచి, ఏ గీతకు ఏ అర్థమో చెప్పే మూలనున్న పట్టీ మీద వేలు పెట్టాడు.

"ఇది చదివారా మేడమ్?"

"చదివేదేముంది? వాలుగీతలంటే ఇంకా ఆలోచనలో ఉన్న చోటు. చంటిపిల్లకైనా తెలుసు."

"అది ఉత్తరం వాళ్ళ పద్ధతండీ. మా దగ్గర తిరగేసి ఉంటుంది. వాలుగీతలంటే ఖాయం."

గెర్లిండ్ కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది. అలాగే ఉంది.

"అయితే అభ్యంతరం ఇప్పుడే రాసిస్తా. కాగితమివ్వండి."

"గడువు నిన్నటితో అయిపోయింది మేడమ్. పక్క ఊరి నుంచి నాలుగొందల ఉత్తరాలొచ్చాయి. మీ ఊరి నుంచి ఒక్కటీ లేదు. మీవాళ్ళకి ఇష్టమే కాబోలనుకున్నాం."

ఎలా తిరిగొచ్చిందో ఆమెకే తెలియదు. పక్కింటి రోస్విటా నిచ్చెనెక్కి కప్పు మీద కొత్త పెంకులు పేరుస్తోంది.

"ఏమే గెర్లిండ్, ఊరికేం కాదన్నావుగా! ఎన్నాళ్ళనుంచో ఆపుకున్న పని, మొదలెట్టేశా" అంది.

"దిగవే రోస్విటా. అందర్నీ పిలువు. మన ఇళ్ళు పోతున్నాయి. పోగొట్టింది నేనే."

రోస్విటా పకపకా నవ్వింది.

"నీ వేళాకోళాలకేం గానీ, ఆ పెంకులు ఇలా అందించు."