భువనను తొలగించాలా?

తిరువూరు మెయిన్ రోడ్డు మీది ఇనుప సామాను కొట్టుకి బోర్డు మీద పేరు చంద్రశేఖరంగారిది, లోపల మాట ఆయన భార్య ఇందిరాదేవిది. పెనుగొలను నుంచి పైపుల కోసం వచ్చిన రైతు ముందు గల్లా వైపు చూస్తాడు. అక్కడ ఆయన కూర్చుని ఉంటే బేరం మొదలుపెడతాడు. ఆవిడ కూర్చుని ఉంటే చెప్పిన ధర ఇచ్చి పైపులు మోసుకుపోతాడు. అలాంటి ఇందిరాదేవి ఖాతాలోంచి జూన్ నెలలో ఒక మంగళవారం పొద్దున్న, మాటమాత్రమైనా చెప్పకుండా, అయిదువేల తొమ్మిదివందల రూపాయలు లాగేసుకున్నారు.

లాగేసుకున్నది పెళ్ళిసంబంధాల యాప్ వాళ్ళు. నిరుడు ఇదే నెలలో కూతురు భువన కోసం ఏడాదికి డబ్బు కట్టి అందులో చేరారు. కార్తీకానికల్లా మధిర సంబంధం కుదిరింది, మాఘంలో పెళ్ళయింది, పిల్ల అత్తారింట్లో కాపురం చేసుకుంటోంది. ఇప్పుడా యాప్ తనంతట తానే ఇంకో ఏడాదికి డబ్బు తీసుకుని, "అభినందనలు! మీ సభ్యత్వం పొడిగించబడింది" అని మెసేజ్ పెట్టింది. దొంగ మూట నెత్తికెత్తుకుని, పోతూ పోతూ దండం పెట్టినట్టుంది.

"పోనిద్దూ. దాని పుణ్యమా అని పిల్ల పెళ్ళి జరిగింది కదా," అన్నాడు చంద్రశేఖరం. ఆయన తత్వమే అంత. నష్టమొస్తే దేవుడి మీద వేసి కాఫీ తాగుతాడు.

ఇందిరాదేవి పోనిచ్చే మనిషి కాదు. అయినా ఆ రోజు ఎవరినీ అడగడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ తప్పులో తన చెయ్యి కూడా ఉందని ఆమెకు తెలుసు.

పెళ్ళయిన నాలుగో రోజున, పదహారు రోజుల పండుగ ఇంకా గడవకముందే, ఆమె ఆ యాప్ మూసేద్దామని కూర్చుంది. ఏవేవో నొక్కుకుంటూ పోతే చివరికి కూతురి ఫోటో వచ్చింది. దాని కింద ఒక ప్రశ్న వచ్చింది: "మీరు నిజంగా భువనను తొలగించాలనుకుంటున్నారా?" ఆ కింద రెండే మాటలు, అవును, కాదు. గుమ్మానికి కట్టిన మామిడాకులు ఇంకా పూర్తిగా ఎండలేదు. బియ్యం అయిపోతే అయిపోయాయనకుండా నిండుకున్నాయనే ఇల్లది. దీపం ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు. గడప దాటేవాళ్ళు వెళ్తాననకూడదు, వెళ్ళొస్తాననాలి. అలాంటి ఇంట్లో కొత్త పెళ్ళికూతురిని తొలగించమని కన్నతల్లి ఒప్పుకుంటుందా? "అమ్మా వాసవీ!" అనుకుని ఇందిరాదేవి "కాదు" నొక్కి, ఫోను పక్కన పడేసింది. గడువు తీరితే అదే ఆగిపోతుందిలే అనుకుంది. వారపత్రిక చందా అలాగే ఆగిపోతుంది కదా!

గురువారం మధ్యాహ్నం భువన ఫోన్ చేసేదాకా అది డబ్బు సంగతే.

"అమ్మా, నా ఫోటో మళ్ళీ ఆ యాప్‌లో ఉందేంటి?" భువన గొంతు చాలా సన్నగా, పక్కగదిలోకి వినపడకూడదన్నట్టు ఉంది. "విజయవాడ పిన్నత్తగారు వాళ్ళ అబ్బాయికి సంబంధాలు చూస్తున్నారంట. అందులో నేను కనపడ్డానంట. ఇదేంటమ్మాయ్ అని అడుగుతూ ఆ బొమ్మ నాకు పంపారు."

అదే బొమ్మను భువన ఇందిరాదేవి ఫోనుకీ పంపింది. పెళ్ళికి ముందు తీయించిన నీలం చీర ఫోటో. కింద "వరుడు కావలెను" అని ఉంది. పైన ఆకుపచ్చ రంగులో "కొత్తగా చేరినవారు" అని కూడా ఉంది.

"మీ అత్తగారు చూసిందా?"

"చూసే ఉంటారమ్మా. మొన్నట్నుంచి నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. నేను వస్తే ఫోను బోర్లా పెట్టేస్తున్నారు. చెప్దామని దగ్గరికెళ్తే, తర్వాత మాట్లాడదాంలే అని లేచి వెళ్ళిపోయారు. ఈయనకి చెప్తే నవ్వేశారు. అత్తయ్యకి నేనేం చెప్పను? మా అమ్మ తీయించడం మర్చిపోయిందంటే నమ్ముతారా?" అంతవరకూ చెప్పి భువన ఏడ్చేసింది.

ఇందిరాదేవికి ఒళ్ళు మండిపోయింది, ముందు తన మీదే. కాపురానికి వెళ్ళి నాలుగు నెలలైనా నిండని పిల్ల, చెయ్యని తప్పుకి అత్తగారి ఎదుట తల దించుకుని తిరుగుతోంది. డబ్బు పోతే కొట్టు సంపాదిస్తుంది. ఒకసారి విరిగిన వియ్యపురాలి మనసు ఏ కొట్లో దొరుకుతుంది?

"నువ్వు కళ్ళు తుడుచుకో. రేపు సాయంత్రానికి ఆ ఫోటో అందులో ఉండదు," అంది.

ఫోన్ పెట్టగానే యాప్ తెరిచింది. మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది. పిల్ల కాపురం కంటే శకునం ఎక్కువా అనుకుని, కళ్ళు మూసుకుని "అవును" నొక్కింది. కళ్ళు తెరిచేసరికి, "మీ అభ్యర్థన అందింది. పదిహేను పనిదినాల్లో పరిశీలిస్తాము" అని ఉంది. డబ్బు లాక్కోవడానికి అరక్షణం, ఫోటో తియ్యడానికి పదిహేను పనిదినాలు! వీళ్ళ ఇల్లు బంగారం గానూ అని నోటిదాకా వచ్చిన మాట మింగి, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసింది. ఇరవై నిమిషాలపాటు సన్నాయి వినిపించి, తర్వాత షైని అనే అమ్మాయి లైన్లోకి వచ్చింది.

"మేడమ్, ఫిబ్రవరిలో సిస్టమ్ మిమ్మల్ని అడిగిందండి. మీరు 'కాదు' అన్నారు. అందుకే ఆటో రెన్యువల్ అయింది. రెన్యూ అయ్యాక మా పాలసీ ప్రకారం రిఫండ్ ఉండదండి."

"సిస్టమ్ ఏమడిగిందో నీకు తెలుసా అమ్మా?"

"ప్రొఫైల్ డిలీట్ చెయ్యాలా అని అడుగుతుంది మేడమ్."

"కాదు. భువనను తొలగించాలా అని అడిగింది. నీ పెళ్ళయిన నాలుగో రోజున ఎవరో వచ్చి, షైనిని తొలగించాలా అని మీ అమ్మనడిగితే ఆవిడ అవునంటుందా?"

"అనదండి," అంది ఆ అమ్మాయి, గొంతు తగ్గించి. "కానీ నా చేతుల్లో ఏమీ లేదు మేడమ్. కంప్లయింట్ రాసుకుంటాను."

"రాసుకో తల్లీ. రాసుకున్న నంబరు నాకు చెప్పు."

ఆమె ఎదురుగా గోడకి తమ కొట్టు బోర్డు వేలాడుతోంది: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. చంద్రశేఖరం దాని వైపూ భార్య వైపూ చూసి మీసాల్లో నవ్వుకున్నాడు.

"మరి మన బోర్డు సంగతేంటి?"

"మనది అడిగి కొనుక్కున్న సరుకండీ. అడక్కుండా ఎవరింటికైనా బీరువా తోలి, వాళ్ళ గల్లాలో చెయ్యి పెట్టామా ఎప్పుడైనా?"

ఆయన వచ్చి గల్లా దగ్గర కూర్చున్నాడు. ఈ పూట ఆవిడ కొట్టు చూడదని ఆయనకు అర్థమైంది.

బ్యాంకు మూసే వేళకు గంట ముందే ఇందిరాదేవి అక్కడికి చేరింది. అక్కడి ఆఫీసరు హెప్సిబా కొట్టు ఖాతా చూసే మనిషే, బాగా తెలిసినామె. ఆమె ఇందిరాదేవి ఫోను తీసుకుని, ఆ యాప్‌కి ఇచ్చిన ఆటోపే అనుమతిని అక్కడికక్కడే రద్దు చేయించింది.

"ఇక ముందు డబ్బులు పోవండి. పోయినదాని మీద అభ్యంతరం పెడదాం. కానీ అనుమతి మీరే ఇచ్చారు కాబట్టి గట్టి కారణం చూపించాలి. అమ్మాయికి పెళ్ళయిందని వాళ్ళకి ముందే తెలుసనడానికి రుజువేమైనా ఉందా?"

"పెళ్ళయిన కొత్తలో వాళ్ళే ఫోన్ చేస్తే చెప్పాను. శుభాకాంక్షలు చెప్పి, పెళ్ళి ఫోటో కూడా అడిగి తీసుకున్నారు."

"ఫోటో వాళ్ళకెందుకండీ?"

ఇందిరాదేవి కుర్చీలో నిటారుగా కూర్చుంది. నిజమే, వాళ్ళకెందుకు? ఇద్దరూ కలిసి ఆ కంపెనీ వెబ్‌సైటు తెరిచి వెతికారు. "మా ద్వారా ఒక్కటైన జంటలు" అనే పేజీలో, నాలుగో వరుసలో, తలంబ్రాలు పోసుకుంటూ భువన, అల్లుడు సూర్యతేజ కనిపించారు. కింద పెళ్ళి తేదీ కూడా వేశారు.

పక్క కౌంటరు వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది హెప్సిబా. ఇందిరాదేవి నవ్వలేదు.

"ఈ పేజీ, ఆ వరుడు కావలెను పేజీ ఒకే కాగితం మీద ప్రింటు తీసిపెట్టమ్మా," అంది.

ఆ సాయంత్రం ఆమె ఫిర్యాదు రాసింది. కోపమంతా మొదటి కాగితం మీద రాసి చించేసింది. రెండో కాగితం మీద జరిగింది జరిగినట్టు, తేదీలతో రాసింది. దాన్నీ ప్రింటునీ కంపెనీకీ బ్యాంకుకీ పంపింది, వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ నమోదు చేయించింది. శుక్రవారం పొద్దున్న కొట్టు తెరిచింది మొదలు గంటకోసారి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు చెప్పి, "ఫోటో ఇంకా ఉంది" అని ఒక్క మాట అని పెట్టేసింది. తగవు పెట్టుకుంటే వాళ్ళకి అలవాటే. ఇలా గడియారంలాగా పలకరించే మనిషితో ఏం చెయ్యాలో వాళ్ళకెవరూ నేర్పలేదు.

పదకొండు దాటాక కంపెనీ నుంచే ఫోన్ వచ్చింది. సూపర్‌వైజర్నని చెప్పాడు, పేరు నవీన్ కుమార్.

"మేడమ్, మీ కేసు ప్రత్యేకంగా చూశాం. సగం డబ్బు వెనక్కి ఇచ్చేస్తాం."

"నవీన్ గారూ, మీ లెక్క ప్రకారం మా అమ్మాయికి పెళ్ళయిందా, కాలేదా?"

"అంటే మేడమ్, అది..."

"ఒక పేజీలో మీరే అక్షింతలు వేశారు. ఇంకో పేజీలో మీరే వరుడు కావాలంటున్నారు. రెండిట్లో ఏది అబద్ధమో చెప్పండి. వినియోగదారుల కోర్టులో ఆ పేజీయే పెడతాను."

అవతల టకటకా కీబోర్డు చప్పుడు వినిపించింది. కొట్లో వినగడప నుంచి వచ్చిన ఇద్దరు రైతులు మేకుల పొట్లం చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. డబ్బులివ్వడం వాళ్ళూ మర్చిపోయారు, తీసుకోవడం చంద్రశేఖరమూ మర్చిపోయాడు.

"సరే మేడమ్, మొత్తం డబ్బూ వారంలో వేసేస్తాం. మీరు ఆ హెల్ప్‌లైన్ కంప్లయింట్ వెనక్కి తీసుకుంటే..."

"డబ్బు మాట నేనింకా ఎత్తలేదు నాయనా. ముందు ఫోటో తియ్యండి. పదిహేను రోజుల్లో కాదు, నేను ఈ ఫోను పెట్టేలోపు. తర్వాత, ఇది మీ తప్పు, అమ్మాయికి ఏమీ తెలియదు అని తెలుగులో కాగితం రాసి, సంతకం పెట్టి పంపండి. ఆ తర్వాత డబ్బు."

"లెటర్ ఇవ్వడం మా ప్రొసీజర్‌లో లేదండి."

"పెళ్ళయిన పిల్లకి సంబంధాలు చూడటం ఉందా?"

నవీన్ కుమార్ ఎవరినో అడిగొస్తానన్నాడు. మళ్ళీ సన్నాయి మొదలైంది. ఇందిరాదేవి ఫోను చెవికి ఆనించుకుని అలాగే కూర్చుంది. పదిహేను నిమిషాలయ్యాక సన్నాయి ఆగింది. ఫోటో తీసేశామని అతను చెప్పాడు. ఆమె నమ్మలేదు. భర్త ఫోను నుంచి భువనకు కలిపించి, వెతికి చూడమంది. "లేదమ్మా! నిజంగా లేదు!" అని పిల్ల అరిచాకే అతన్ని వదిలింది.

మూడింటికి ఉత్తరం వచ్చింది. "చింతించుచున్నాము" అంటూ ఆ తెలుగు కర్రలు మింగినట్టున్నా, కావలసిన మాట ఉంది: ఇది సంస్థ పొరపాటు, వధువుకు గానీ ఆమె కుటుంబానికి గానీ దీనిలో ప్రమేయం లేదు. కింద సంతకం, ముద్ర. చంద్రశేఖరం దాన్ని రెండుసార్లు చదివి, "నిన్ను కట్టుకున్నాను కాబట్టి బతికిపోయాను," అన్నాడు.

అసలు పని ఇంకా మిగిలే ఉంది. కంపెనీతో తడబడకుండా మాట్లాడిన మనిషి, వియ్యపురాలు నాగలత నంబరు రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి సరిగ్గా నొక్కింది. ఆమె ఏమంటుంది? తీయించారు సరే, అసలు ఎందుకు ఉంచారని అడిగితే?

"వదినగారూ, ఒక కాగితం చదువుతాను, పూర్తిగా వినండి. ఆ తర్వాత మీరేమన్నా పడతాను," అని, గుక్క తిప్పుకోకుండా మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది.



"వదినగారూ?"

"వింటున్నాను," అంది నాగలత. "భువనదా? భువనది కూడా ఉందా అందులో?"

"కూడా అంటే?"

"మా వాడిది పది రోజుల్నుంచి ఉంది వదినగారూ. మంగళవారం జగ్గయ్యపేట నుంచి ఎవరో ఫోన్ చేసి, అబ్బాయి జాతకం పంపించమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల కంటబడితే, మేం ఇంకో సంబంధం చూస్తున్నామనుకోదూ? నోరు తెరిస్తే ఎక్కడ బయటపడుతుందోనని దాని మొహం కూడా చూడలేకపోతున్నాను. ఇప్పుడు మీ పేరు ఫోన్లో కనపడగానే, అది అడగడానికే చేశారనుకుని నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు."

ఇందిరాదేవికి నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళు నిండాయి. ఒక్క కప్పు కింద అత్తా కోడలూ ఒకరికొకరు భయపడి, మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినకుండా తిరిగారు.

"ముందు మీరు లేచి పిల్ల దగ్గరికెళ్ళండి వదినగారూ. మీరు తన మీద కోపంగా ఉన్నారనుకుని బెంగపెట్టుకుంది."

"అయ్యో నా తల్లి! వెళ్తాను, ఇప్పుడే వెళ్తాను. మరి మా వాడి ఫోటో ఎట్లా తీయించాలి? పదిహేను రోజులంటున్నారు వాళ్ళు."

ఇందిరాదేవి పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుని, తెల్లకాగితం ముందుకు లాక్కుంది.

"మీ సభ్యత్వం నంబరు చెప్పండి," అంది.