పాసైన బావి

సీతారామపురం దాటి కొండవార పోతే యర్రబండపల్లె. ఊరంతా గొర్రెలు మేపుకొనేవాళ్లే. తాగేది దిగుడుబావి నీళ్లు. మెట్లు దిగి, మోకాలిలోతు నీళ్లలో నిలబడి కడవ ముంచుకోవాలి. ఆ నీళ్లతోనే నారిపురుగు కడుపులోకి పోతుందని, మరుసటేడు కాల్లోంచి కురుపై బయటికొస్తుందని ఆత్మకూరు హెల్తు ఇన్‌స్పెక్టరు రంగనాథం వచ్చి చెప్పేదాకా ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిశాక మాత్రం చేసిందేముంది? దప్పికైనవాడికి తెలివి పోసి తాగిస్తారా?

పెంచలనరసయ్యకు ఆ మాట గట్టిగా నాటుకుంది. ఏటా ఎండలు ముదిరేసరికి అతని పెండ్లాం ఆదిశేషమ్మకు కాలిమీద నారి లేచేది. తెల్లటి దారంలాంటి పురుగును వేపపుల్లకు చుట్టి, పూటకు కాస్త బయటికి లాగుకుంటూ, కాలు చాపుకొని కూర్చునేది. తొందరపడితే తెగుతుంది. తెగితే కాలు కుండలా వాస్తుంది. అందుకే సర్కారు ఊరికి చేదబావి తవ్విస్తుందన్నప్పుడు ఎవరూ పిలవకుండానే గడ్డపార పట్టుకొని పోయినవాడు నరసయ్య.

బావికి సిమెంటు ముందొచ్చింది కాబట్టి గట్టు ముందు కట్టేశారు. గిలక కూడా బిగించారు. నీళ్లే పడలేదు. అడుగున బండ తగిలింది. బండ పేల్చే మందుకు పైనుంచి మంజూరు రావాలన్నారు. గిలక మీద కాకులు వాలుతుంటే, ఊరు మళ్లీ దిగుడుబావి మెట్లే దిగింది.

యాభై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో నెల్లూరినుంచి పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తాడని కబురొచ్చింది. శుభ్రంగా ఉన్న ఊరికి ఆరోగ్య గ్రామమని పట్టా ఇస్తారట. ఎన్ని ఊళ్లు పాసైతే ఆత్మకూరు హెల్తు ఆఫీసుకు అంత పేరు. రంగనాథం సైకిలు తొక్కుకుంటూ వచ్చి నరసయ్య వాకిట్లో దిగాడు.

"నరసయ్యా, నీ పెండ్లాం ఇట్ట కాలు చాపుకొని కూర్చుంటే నా కొంప మునుగుతుంది. ఆ ఒక్క పూట కొండకాడి గొర్రెల దొడ్డికి పంపించు."

"ఎట్ట నడుస్తాది సామీ? నారి సగం లోపలే ఉండాది."

"నిదానంగా నడవమను. బండ నేను చూపిస్తా. పేల్చేదానికి ఆర్డరు ఆయన చేతనే రాయిస్తా. చాలదా?"

ఆ మాట వినగానే ఆదిశేషమ్మే పుల్లను కాలికి గుడ్డతో కట్టుకుంది. "బావికోసమైతే పోతాను. పాక్కుంటానైనా పోతాను" అంది.

తనిఖీ ముందురోజు ఊరిపెద్ద చెంచయ్య అందరినీ పిలిచాడు.

"పెద్దాయన మొదటిసారి మనూరికొస్తా ఉంటే ఎండిన బావి చూపిస్తామంట్రా? వట్టి కడవ ఎదురైతేనే వెనక్కి తిరిగి ఇంట్లో కూర్చునేవాళ్లం. ఏకంగా వట్టి బావే ఎదురుపెడితే ఇంక శుభం జరుగుద్దా?"

"బండ కనిపిస్తేనే గదా మామా మందిచ్చేది?" అన్నాడు నరసయ్య.

"నీ తెలివి గొర్రెలకు చెప్పు పో. ముందు మనిషిని సంతోషపెట్టాల. సంతోషపడినోడు అడక్కుండా ఇస్తాడు. ఏడుపు మొగానికి ఎవడిస్తాడ్రా?"

ఊరంతా తల ఊపింది. నరసయ్యకు మనసొప్పలేదు. కానీ ఊరందరూ మోస్తుంటే తానొక్కడే చేతులు కట్టుకొని నిలబడేదెట్లా? మర్నాడు పొద్దుపొడుపునుంచి దిగుడుబావి నీళ్లు కడవలతో తెచ్చి చేదబావిలో కుమ్మరించారు. నరసయ్య కావడి భుజానికెత్తుకున్నాడు. పొద్దెక్కేసరికి బండ మునిగింది.

జీపు వచ్చింది. రంగనాథం బావిలోకి తొంగిచూసి నోరు తెరిచాడు. ఆఫీసరు పక్కకొచ్చేసరికి మూసేశాడు. ఆఫీసరు బొక్కెన వేయించి, చేదించి, దోసిట్లోకి తీసుకొని చూశాడు.

"బాగున్నాయే!"

నరసయ్య ముందుకొచ్చాడు. "అయ్యా, ఊట..."

"ఊట బాగుందంటున్నాడు సార్" అన్నాడు రంగనాథం.

చెంచయ్య చెయ్యి నరసయ్య మోచేతిని పట్టుకొని వెనక్కి లాగింది. నరసయ్య వెనక్కి పోయాడు.

"ఇంత మంచి బావి ఉండగా ఆ పాడు దిగుడుబావి ఎందుకు? మెట్లకు అడ్డంగా ముళ్లకంప కొట్టించండి" అని ఆఫీసరు జీపెక్కాడు.

మధ్యాహ్నం గొర్రెల దొడ్డికి పోయి చూస్తే ఆదిశేషమ్మ రాతిమీద కూర్చొని ఉంది. పుల్ల చేతిలో ఉంది. దానికి చుట్టిన పురుగు తెగి ఉంది.

"వంకకాడ కాలు జారినాను. పోతేపోనీ. బండకు మందిస్తామన్నారా?"

నరసయ్య ఆమెను వీపున వేసుకొని కొండ దిగాడు.

పోసిన నీళ్లు ఇంకిపోయాయి. హెల్తోళ్లు వేయించిన కంపను ఊళ్లోవాళ్లే మర్నాడు పక్కకు లాగి మెట్లు దిగారు. పట్టా వచ్చింది. చెంచయ్య ఇంటి గోడకెక్కింది. ఆదిశేషమ్మ కాలు తొడదాకా వాచి చీము పట్టింది. నరసయ్య ఇక ఉండలేక బస్సెక్కి ఆత్మకూరు పోయాడు.

"మీ ఊరు పాసైంది గదయ్యా" అన్నాడు రంగనాథం. "నీళ్లున్న బావికి మందెవరిస్తారు? ఈ ఏడు మంజూరంతా ఫెయిలైన ఊళ్లకే."

"అయితే మమ్మల్ని ఫెయిలు చెయ్యండి సామీ."

"చేస్తే, ఆ పొద్దు నీళ్లెట్ట వచ్చినాయంటారు. నేను పొయ్యమన్నానా? పోసిందెవరు?"

ఆ మాటలో అబద్ధం లేదు. మంటంతా అందుకే. తిట్టడానికైనా వీల్లేకుండా మాట్లాడేవాడికే సర్కారు కుర్చీ ఇస్తుంది కాబోలు.

"నా పెండ్లాం కాలన్నా వచ్చి చూడండి."

"మీ ఊళ్లో నారికురుపు లేదని పెద్దాయన సంతకం పెట్టి పోయినాడు. నన్ను చూడమంటే ఎట్ట చూస్తా?"

ఇంటికి చేరేసరికి ఆదిశేషమ్మ గోడకానుకొని ఉంది. దగ్గర కడవ వట్టిగా ఉంది.

"ఏమన్నారయ్యా?"

"మనూళ్లో నారికురుపు లేదంట."

ఆమె తన కాలు చూసుకుంది. "అయితే ఇదేందంట?"

నరసయ్య కడవ భుజాన పెట్టుకొని దిగుడుబావి దారి పట్టాడు. సర్కారు కంప ఇంకా మెట్ల పక్కనే పడి ఉంది. దిగి, మోకాలిలోతున నిలబడి, కడవ ముంచాడు. ముందు తనే దోసిలి పట్టి తాగాడు.