పేరుకు ముందా, వెనకా

సత్యవేడు దగ్గరి రంగుల ఫ్యాక్టరీలో కుప్పయ్యది ఇరవై రెండేళ్ల సర్వీసు. అదిప్పుడు లోహిత రాసిన ఒక్క ఇంగ్లీషు వాక్యం మీద ఊగులాడుతోంది.

పోయిన వారం గ్యాస్ లీకైంది. షిఫ్టు ఇన్‌చార్జి మునిప్రసాద్‌తో సహా అందరూ గేటు బయటికి పరుగు తీశారు. కుప్పయ్య ఒక్కడే ముక్కుకు తువ్వాలు చుట్టుకుని వాల్వు మూశాడు, అలారం నొక్కాడు. రిపోర్టు రాసే పని సేఫ్టీ సెక్షన్‌లో కొత్తగా చేరిన లోహిత మీద పడింది. 'కుప్పయ్యే వాల్వు మూశాడు' అని మనసులో అనుకుని, 'కుప్పయ్య ఓన్లీ క్లోజ్డ్ ద వాల్వ్' అని దించేసింది. మనవాళ్ల నోట ఓన్లీ అంటే ఆ 'ఏ' దీర్ఘమే కదా, పాపం! మునిప్రసాద్ చదివి, చిన్నగా నవ్వి సంతకం పెట్టాడు.

చెన్నై ఆఫీసు మాత్రం దాన్ని ఇంగ్లీషులాగే చదివింది. కుప్పయ్య వాల్వు మూసి ఊరుకున్నాడట, అలారం జోలికే పోలేదట. అట్లాంటివాడిని పనిలోంచి తీసేయాలని రూలు.

విచారణకు చెన్నై నుంచి పంకజాక్షి మేడమ్ వచ్చింది. ఆమెకు తెలుగు రాదు. కుప్పయ్య చేతులు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆ వాక్యాన్ని ఆమె పైకి చదివినప్పుడు గానీ మునిప్రసాద్ నవ్వుకు అర్థం లోహితకు తెలియలేదు.

లేవబోతుంటే మునిప్రసాద్ గొంతు తగ్గించి అన్నాడు. "ఇప్పుడు మార్సితే తప్పుడు రిపోర్టు రాసినానని ఒప్పుకున్నట్టే. నువ్వింకా పర్మినెంటు కాలేదు, గుర్తుండాదా?"

గుర్తుంది. అయినా లేచింది. ఓన్లీ తప్పు చోట పడిందని చెప్పబోతే ఇంగ్లీషు మాటలు కూడిరాలేదు. పంకజాక్షి కళ్లజోడు పైనుంచి చూస్తోంది. లోహిత వాళ్ల వీధిలో సగం ఇళ్లు అరవం మాట్లాడేవే. ఆ అరవమే నోటికొచ్చింది.

"కుప్పయ్య దాన్, మేడమ్. కుప్పయ్య దాన్."

మన 'కుప్పయ్యే'కి అరవంలో 'కుప్పయ్య దాన్'. పంకజాక్షికి అర్థమైంది. ఓన్లీని కొట్టేసి, పేరుకు ముందు రాసి, పైకి చదువుకుంది. మూసింది కుప్పయ్య ఒక్కడే. అంటే లోపల ఇంకెవరూ లేరు. మరి అలారం నొక్కిందెవరు, మీరప్పుడు ఎక్కడున్నారని మునిప్రసాద్‌ను అడిగింది. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

తప్పు రిపోర్టు రాసినందుకు ఇచ్చిన మెమో చేతిలో పట్టుకుని లోహిత బయటికొచ్చింది. కుప్పయ్య ఉద్యోగం నిలిచింది.

"ఏం మార్సినావు పాపా?" అని అడిగాడు.

"నీ పేరు ఎనకుండే మాటను ముందరికి తెచ్చినానన్నా."

"అంతేనా?" అన్నాడు కుప్పయ్య. మెట్ల మీద కూలబడి, తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.