కాదంటే కూర్చోవాలి

న్యూయార్క్ నగరం బ్రాంక్స్‌లో రెండు మేడల మధ్య ఖాళీ జాగాలో ప్యూర్టోరికో వాళ్లు చిక్కుడు పాదులు పెట్టుకుని, ఓ రేకుల పాక వేసుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం అన్నం, పంది మాంసం తిన్నాక అక్కడ జంటలుగా సల్సా నాట్యం ఆడతారు. పాకకు ఒకటే నియమం. ఎవరైనా ఆటకు పిలిస్తే కాదన్న మనిషి, ఆ పాట అయ్యేదాకా ఇంకెవరితోనూ ఆడకూడదు.

ఎలూతేరియో ఆ ప్యూర్టోరికో వాళ్లలో ఒకడు, బస్సుల మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. భార్య పోయి ఆరేళ్లు. ఒబ్దూలియా క్యూబా మనిషి, బట్టలు కుడుతుంది. ఇంకో ఐదు ఆదివారాలు దాటితే ఫ్లోరిడాలో, తంపాలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతుంది. ఈలోగా ఆమెతో ఒక్క పాట ఆడాలని అతని కోరిక. నాలుగు వారాలు ప్రతి పాటకూ అందరికంటే ముందు వెళ్లి చెయ్యి చాచాడు.

"ఈ ఆట క్యూబాదని ఒప్పుకో, లేస్తాను," అనేది ఆమె.

"విత్తనం మీదే కావచ్చమ్మా. పండింది మా వీధిలో."

"మా బియ్యం మీ కుండలో ఉడికితే అన్నం మీదైపోతుందా?"

"ఉడికించినవాణ్ణి అడగండి."

"అయితే నిలబడు."

అతను నిలబడేవాడు. ఆమె కూర్చునేది. నాలుగు వారాల్లో ఇద్దరూ ఒక్క అడుగు వేయలేదు.

ఐదో వారం పాటలు పెట్టే వీతోకి ఒళ్లు మండింది. "ఏమయ్యా, దేశాల తగువుకి నా పాటలే దొరికాయా? ఆవిడ కొత్త బూట్లు వేసుకొచ్చింది, చూశావా?"

చూశాడు. ఇంకెవరితోనైనా ఆడుకుంటుందని ఆ రోజు పిలవలేదు. ఎలాగూ కాదంటుందని మిగతావాళ్లూ పిలవలేదు. రెండు పాటలు పోయాయి. మూడోదానికి ఒబ్దూలియా లేచి వచ్చి, అతని ముందు చెయ్యి చాచింది.

"కాదంటే కూర్చోవాలి. తెలుసుగా?"

"తెలుసు."

"ఎవరిదయ్యా ఈ ఆట?"

ఎలూతేరియో ఆలోచించాడు. పాట కరిగిపోతోంది.

"ఈ పాట వరకు మీది."

లేచిన వెంటనే ఆమె కాలు తొక్కాడు. ఆ పాకలో అందరూ తాళంలో రెండో దెబ్బకు అడుగు వేస్తారు. ఆమె క్యూబా పద్ధతిలో మొదటి దెబ్బకే వేసింది.

"మావాళ్లెవరూ ఇలా వెయ్యరు," అన్నాడు.

"మరి మాది అన్నావుగా?"

అతను ఒక దెబ్బ ఆగి, మొదటిదానికి కలిశాడు. నలభై ఏళ్లలో అదే మొదటిసారి. వీతో అది చూసి, చూడనట్టు చిక్కుడు పాదువైపు తిరిగాడు.

పాట అయిపోయింది. చేతులు వదలలేదు.

"తర్వాతది మాది," అన్నాడు ఎలూతేరియో.

"ముందు మొదలవనీ," అంది ఒబ్దూలియా.

మొదలైంది. మొదటి దెబ్బ పడింది. ఆమె కదలలేదు. రెండోదాని కోసం ఆగింది.