ప్లస్ ఒకటి

రొట్టెకి ఆవముద్ద రాశావా అని అడిగాడు త్సిరిల్, కారు తాళం వేస్తూ. రాశాను. నాలుగున్నరకే లేచి రొట్టె కోశాను, సాసేజ్‌లు ఉడికించాను, ఫ్లాస్కులో టీ పోశాను, ఇద్దరి వానకోట్లు మడిచాను, అతని మోకాలి పట్టీ వెతికి తీశాను. అవన్నీ నా వీపుమీద ఉన్నాయి. అతని సంచిలో తాడు, మ్యాపు, ఇద్దరికీ కలిపి ఒక ఫోను. నా ఫోను కారులోనే పెట్టించాడు.

"ఒకటి చాల్లే. అయినా కొండమీద నీకెవరు చేస్తారు?"

నవ్వాను. పంతొమ్మిదేళ్ళుగా ఇలాంటి మాటలకి నవ్వడం కూడా నా పనుల్లో ఒకటి.

సరస్సు చుట్టూ ఏడు జలపాతాలు. ఇక్కడ పుట్టిన పిల్లలు బడిలో చేరేలోపే మూడు ఎక్కేస్తారు. నేను లోయ కింద మిల్లు ఊళ్ళో పుట్టాను. ఎత్తంటే భయం. పెళ్ళి భోజనాల దగ్గరే మా అత్తగారు అందరూ వినేలా అంది, మావాడు కొండలన్నీ తిరిగి తిరిగి చివరికి చదునునేల పిల్లని తెచ్చుకున్నాడని. త్సిరిల్ పర్వతారోహకుల సంఘంలో మార్గదర్శి. చదునునేల పిల్ల అన్నది ఆ సంఘంలో నా పేరైపోయింది.

నెమ్మదిగా నడిచేవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. ముందు వెళ్ళినవాడు బండమీద కూర్చుని, చెమట ఆరబెట్టుకుని, నీళ్ళు తాగి, నా కోసం చూస్తుంటాడు. నేను రొప్పుతూ చేరగానే, వచ్చావా, ఇక పద అని లేస్తాడు. అలసట తీరినవాడు నడుస్తాడు, అలసినది కూడా నడుస్తుంది. ఇంట్లోనూ అంతే. అందరూ తినేశాక నేను కూర్చుంటాను, నేను కూర్చోగానే కాఫీ ఏదని అడుగుతారు. వారమంతా వృద్ధాశ్రమంలో మంచాన పడ్డవాళ్ళని పక్కకి తిప్పే నడుము నాది. దానికి ఆదివారాలు ఈ కొండలు.

నాలుగో జలపాతం దాటేసరికి త్సిరిల్ కనిపించడం మానేశాడు. పొగమంచు కమ్మింది. మా సెప్టెంబరు మంచు సరస్సులోంచి లేచి, ఎవరో తలుపు మూసినట్టు లోయని మూసేస్తుంది. ముందు చెట్లు పోయాయి, తర్వాత దారి పోయింది, చివరికి నా బూట్లు మిగిలాయి. నీటి హోరు మాత్రం నాలుగు వైపుల నుంచీ వినిపిస్తోంది. నీళ్ళు ఎటున్నాయో తెలియని హోరు కంటే భయంకరమైనది లేదు. పిలిచాను. నా గొంతు నాకే వినబడలేదు.

ఐదో జలపాతం దగ్గర రాతికి బిగించిన రేకుపెట్టె చేతికి తగిలింది. అందులో సంతకాల పుస్తకం ఉంటుంది. కొండెక్కేవాళ్ళు పేరు, ఎంతమంది, ఎటు వెళుతున్నారు, ఎన్ని గంటలకి, అన్నీ రాయాలి. అవి రాసేది ఎప్పుడూ త్సిరిలే. మొదటి ఏడాది నేనూ పెన్సిలు అందుకోబోతే చెప్పాడు: "ఇది ఆటోగ్రాఫుల పుస్తకం కాదు. మనం కనబడకపోతే రక్షణదళం చూసేది దీన్నే. ఎంతమంది, ఎటు. అంతే చాలు."

తెరిచాను. చివరి వరస అతనిదే, మా ఇంటిపేరుతో.

మ్లాకార్ + 1. ఐదు నుంచి ఏడుకి. 11.20.

గడియారం చూసుకున్నాను. పదకొండూ యాభై.

మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఈ పుస్తకం ప్రకారం నేను అరగంట క్రితమే ఇక్కడి నుంచి వెళ్ళిపోయాను. అతనితో పైన ఉన్నాను. నేనిప్పుడు కాలుజారి ఈ జలపాతం కింది గుంటలో పడితే, వెతికేవాళ్ళు ఈ పేజీ చూసి నన్ను దాటుకుని పైకి వెళతారు. నేను కింద అరుస్తూ ఉంటాను, హోరులో వినబడదు.

పేజీలు వెనక్కి తిప్పాను. జూన్, మ్లాకార్ + 1. మే, మ్లాకార్ + 1. నిరుడు అక్టోబరు ఆరు, మ్లాకార్ + 1.

అక్కడ ఆగాను. అక్టోబరు ఆరున నేను ఆసుపత్రిలో ఉన్నాను. అత్తగారి తుంటి ఎముక ఆపరేషను. ఆమెకి చెంచాతో జావ తాగిస్తున్నాను, ఉప్పు తక్కువైందని తిట్లు తింటున్నాను. ఇద్దరం కూర్చుని ఏం చేస్తామని త్సిరిల్ ఒక్కడే ఇక్కడికొచ్చాడు. ఆ సాయంత్రం తను తీసిన ఫొటోలు నాకు చూపించాడు. అన్నింట్లో ఒక్కడే.

ఇంకో ఆడది వచ్చిందేమో అనుకోబోయాను. అదే నిజమైతే ఎంత బాగుండేది. ఆ ప్లస్ ఒకటి వెనుక ఎవరో ఒక మనిషి ఉండేది. ఎవరూ లేరు. వాక్యం చివర చుక్క పెట్టినట్టు చేతి అలవాటుగా రాశాడు. నేనున్నా అదే, లేకపోయినా అదే.

అయినా అతని వెనకే వెళ్ళబోయాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా మనసులో మెదిలింది రొట్టెలు నా సంచిలో ఉన్నాయి, ఆకలేస్తుందేమో అన్న మాట. ఐదుకీ ఆరుకీ మధ్య రాతి అంచు రెండడుగుల వెడల్పుంటుంది, పట్టుకోవడానికి ఇనుపతాడు. మూడడుగులు వేశాను. చేతికింద తాడు కదిలింది. దాన్ని రాతికి బిగించిన కొక్కెం చిగుళ్ళలో పుచ్చుపన్నులా ఊగుతోంది. బూటు తగిలి ఒక రాయి జారింది. అది కింద పడ్డ చప్పుడు కోసం చెవులు రిక్కించాను. రాలేదు.

వచ్చావా, ఇక పద. ఆ గొంతు నా తలలోనే ఉంది. ఇరవయ్యేళ్ళకి దగ్గరగా దాని వెనకే నడిచాను.

రాతికి వీపు ఆనించి, అంగుళం అంగుళం వెనక్కి జరిగాను. పెట్టె దగ్గరికి చేరి పెన్సిలు తీశాను. వేళ్ళు మొద్దుబారాయి. ముందు ఆ ప్లస్ ఒకటిని కొట్టేశాను. కాగితం చిరిగేలా కొట్టేశాను. కింద రాశాను: వ్లాస్తా మ్లాకార్. ఒంటరిగా. ఐదు నుంచి కిందికి, సరస్సు దగ్గరి సత్రానికి. 12.05. రాసింది రెండుసార్లు చదువుకున్నాను. ఎక్కడున్నానో ఎవరికైనా తెలిసేలా చెప్పుకోవడం అదే మొదటిసారి.

ధైర్యం వచ్చిందని చెబితే అబద్ధం. కొండ దిగడం ఎక్కడం కంటే ఘోరం. గొలుసులున్న చోట వెనక్కి తిరిగి, పిల్లలు మెట్లు దిగినట్టు దిగాను. మూడో జలపాతం దగ్గర ఉండగా పైన ఎక్కడో బండెడు రాళ్ళు దొర్లించిన మోత వచ్చింది. చాలాసేపు వచ్చింది. చెట్టుని వాటేసుకుని, అది ఆగేదాకా కళ్ళు మూసుకున్నాను. అతని పేరు పెట్టి అరిచాను. తర్వాత దిగాను.

సత్రం నడిపే పోల్దా నన్ను చూసింది. డెబ్బయ్యేళ్ళ మనిషి, కొండ దిగిన ముఖాలు చదవడం వచ్చు. పొయ్యి పక్కన కూర్చోబెట్టి బార్లీ సూపు పోసింది. కూర్చున్నాను, తింటున్నాను, నన్నెవరూ లేవమనలేదు. మా ఆయన పైనే ఉన్నాడని చెప్పబోతుండగా గోడమీది వైర్‌లెస్ రేడియో గరగరమంది. రక్షణదళం లోయ్‌జె. త్సిరిల్‌కి సంఘంలో మిత్రుడు.

ఆరో జలపాతం దగ్గర త్సిరిల్ దంపతులు చిక్కుకున్నారట. వెనక రాళ్ళు జారి ఇనుపతాడు తెంపేశాయట. తమ బృందం ఏడు వైపు నుంచి ఎక్కుతోందట, ఐదు వైపు ఎవరూ పోవద్దట. త్సిరిల్‌కి దెబ్బలేమీ లేవు, ఫోనులో బాగానే మాట్లాడాడు. భార్య కాలు మడతపడిందట, ఆమె నడవలేకనే ఆగిపోయారట.

"పోల్దా, నువ్వు ఆమెని చూసుంటావుగా. ఎంత బరువుంటుంది? స్ట్రెచర్ మోసేది మావాళ్ళే."

పోల్దా నా వైపు చూసింది. నా కాళ్ళ వైపు చూసింది. నేను నా కాళ్ళనే చూసుకుంటున్నాను. అతను బతికే ఉన్నాడు. గుండెలోంచి పెద్ద బరువు దిగింది. దాని వెనకే చలి ఎక్కింది. తను వదిలేసి వెళ్ళిన మనిషి ఆ రాళ్ళ కింద ఉండి ఉండొచ్చని అతనికి తెలుసు. మార్గదర్శి భార్యని దారిలో వదిలాడన్న మాట రాకూడదు, అంతే. నేను నిజంగా ఐదు దగ్గర పడి ఉంటే, నేను తన పక్కనే ఉన్నానన్న ఈ ఒక్క మాట నన్ను చంపేసేది.

"ఏమని చెప్పనే అమ్మాయ్?" అంది పోల్దా, మీట మీద వేలు పెట్టి.

లేచి వెళ్ళి ఆమె చేతిలోంచి రేడియో మైకు తీసుకున్నాను.

"లోయ్‌జె, నేను వ్లాస్తాని. సత్రంలో ఉన్నాను. స్ట్రెచర్ అక్కర్లేదు."

గరగర మధ్య లోయ్‌జె అడిగాడు.

"మరి పైన ఎంతమంది ఉన్నట్టు?"

"ఒక్కరే," అన్నాను. "మొదటినుంచీ ఒక్కరే."