వినపడేలా చెప్పండి

కుర్చీ అల్లిక ఆరాక పిన్ని దాన్ని వేలితో మీటి చూసేది. తడిపేముతో అల్లినది ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. బిగువు కుదిరితే సన్నగా మోగుతుంది. కుదరకపోతే డబ్‌మంటుంది. డబ్‌మన్న కుర్చీని ఎవరెంత బతిమాలినా ఇచ్చేది కాదు. అల్లికంతా కోసి పారేసి మళ్ళీ మొదటినుంచి అల్లేది.

చిన్నప్పుడు జ్వరమొచ్చి కళ్ళు పోయిన మనిషి. లోకమంతా ఆమె చెవుల్లోనే ఉండేది. సందులో చెప్పుల చప్పుడును బట్టి మనిషిని గుర్తుపట్టి, ఓ చురక అంటించి గానీ పంపేది కాదు. నేను పక్కన కూర్చుని పేము చీల్చి అందించేదాన్ని. "దీని నోట్లో నాలుక లేదు. నా నోట్లో రెండున్నాయి. ఇంటికి లెక్క సరిపోయింది" అనేది.

మా సందు చివర ప్రహరీ గోడ. గోడ అవతల మా కళ్ళముందే బొగ్గుతో కరెంటు తీసే ఫ్యాక్టరీ లేచింది. దాని పొగగొట్టం తల చూడాలంటే మా తలలు వెనక్కి వాలిపోవాలి. మా వెనక గదిలోనే అక్కా బావా కాపురముండేవాళ్ళు. బావకు అందులో ఫిట్టరు పని దొరికింది. దొరికినందుకు అందరం సంతోషించాం కూడా.

ఒక పొద్దున ఉన్నట్టుండి ఆకాశం చిరిగినట్టు చప్పుడైంది. పొగగొట్టం కూలిందనుకుని సందంతా పరుగెత్తింది. మా కిటికీ అద్దం నిలువునా చీలింది. చప్పుడు ఆగాక కూడా ఎదురింటావిడ బిడ్డ గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది.

సాయంత్రం బావ అన్నం పళ్ళెం ఖాళీ చేసి, నిలబెట్టి చూపించాడు. "కొత్త గొట్టాల్లో తుప్పూ, వెల్డింగ్ ముక్కలూ ఉంటాయి అత్తయ్యా. అవి టర్బైన్‌లోకి పోతే కొంప మునుగుద్ది. అందుకని ముందు ఆవిరితో బయటికి ఊదేస్తాం. గొట్టం మూతి దగ్గర నున్నటి రేకు ఒకటి బిగిస్తాం, ఇదిగో, ఈ పళ్ళెంలాగా. ముక్కలు తగిలితే దానికి సొట్టలు పడతాయి. సొట్టలు పడనిదాకా ఊదుతూనే ఉండాలి."

"అంటే మీ గొట్టాలకు అజీర్తి. విరేచనం మా నెత్తినా?" అంది పిన్ని.

"చప్పుడు మింగే సైలెన్సర్ ఉంటుంది. తెప్పించడానికి టైము లేదన్నారు."

మర్నాడు సందు సందంతా గేటు ముందు నిలబడింది. ఫ్యాక్టరీ తరఫున ఊరివాళ్ళతో మాట్లాడే ఆఫీసరు బయటికొచ్చాడు. ఆయన ప్రతి మాట చివరా "సహకరించండి" అంటాడు. పిన్ని అక్కడికక్కడే ఆయనకు సహకారం అని పేరు పెట్టింది. ఊదే ముందు పొడుగ్గా హారన్ వేస్తామని సహకారం అందరిముందూ ఒప్పుకున్నాడు.

కొన్నాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. హారన్ మోగగానే పిన్ని చేతిలో పని వదిలేసి, గోడ తడుముకుంటూ లోపలి గదిలోకి పోయేది. చెవుల్లో దూది, పైన తలగడ, ఆపైన దుప్పటి. అంతా అయ్యాక తల బయటపెట్టి, "కడిగారా అయ్యగారు?" అని అడిగేది.

ఈలోగా ప్రారంభోత్సవం దగ్గరపడింది. వేదిక మీద పెద్దలు కూర్చోవడానికి పేము కుర్చీలు కావాలని సహకారమే వచ్చి అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. పిన్ని మాత్రం ఒప్పుకుంది. "పేచీ గొట్టాలతో. కుర్చీలేం చేశాయే?"

ఆఖరి కుర్చీ ఆరిన రోజు. నేను వీధి కుళాయి దగ్గర తొట్టి నింపుతున్నాను. పిన్ని ప్రహరీ గోడ పక్కనే ఉన్న మా పెరట్లో కుర్చీ మీదికి వంగి, చెవి దగ్గర పెట్టుకుని మీటుతోంది. హారన్ మోగలేదు. ఆకాశమే చిరిగింది.

తొట్టి వదిలేసి పరుగెత్తాను. పిన్ని నేల మీద పడి ఉంది. రెండు చేతులూ చెవులమీద ఉన్నాయి, నోరు తెరుచుకుని ఉంది. అరుస్తోందని తెలుస్తోంది, నాకు వినపడటం లేదు. లేపి ఒడిలో పెట్టుకున్నాను. ఎంతసేపటికో చప్పుడు ఆగింది.

"ఆగిందా?" అంది పిన్ని.

"ఆగింది."

"ఆగిందా అంటే చెప్పవేమే?"

"ఆగింది పిన్నీ, ఆగింది!"

"చెప్పి చావవే! ఆగిందా?"

డాక్టరు చూసి నరం దెబ్బతిందన్నాడు. చెవి పక్కన గట్టిగా అరిస్తే కొంత అందుతుందేమో, అంతకంటే ఆశ పెట్టుకోవద్దన్నాడు. అప్పటినుంచి ఆమె అరచేతిలో ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లు నొక్కితే కాదు.

ఆ రోజు బావ ఇంటికొస్తే గుమ్మంలోనే నిలబెట్టాను.

"హారన్ ఏమైంది బావా?"

"వేశారనే అనుకున్నా."

"అనుకోవడమేంటి? నువ్వెక్కడున్నావు?"

"వాల్వు దగ్గర. చెవులకు డిప్పలు పెట్టుకునుంటాం కదా మరదలా. వేసినా మాకు వినపడదు, వెయ్యకపోయినా తెలీదు. పైనుంచి చెయ్యి ఊపారు. తిప్పా."

మీ చెవులకు డిప్పలు, మాకు దూది. ఆ మాట నా నోట్లోంచి ఎంత గట్టిగా వచ్చిందంటే అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. బావ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నేను బతిమాలలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని ఊరికే అంటుంటారు. ఇక్కడ శంఖం ఊదింది వాళ్ళు, చెవిటిదైంది మా పిన్ని.

ప్రారంభోత్సవం ముందురోజు సహకారం కుర్చీల కోసం వ్యాను తీసుకుని వచ్చాడు. పిన్ని అరుగుమీద ఉంది. తన గొంతు తనకు వినపడదు గనక ఆమె మాట్లాడితే ఇప్పుడు సందంతా మాట్లాడినట్టే.

"ఎవరే వచ్చింది? పెట్రోలు కంపు కొడుతోంది!"

"కాస్త మెల్లగా మాట్లాడమనండమ్మా" అన్నాడు సహకారం. తర్వాత నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "ఆ రోజు హారన్ వేసే మనిషిని వేదిక పనికి పంపారు. చిన్న పొరపాటు. ఇది మనలో మాట. సహకరించండి."

"నాకెందుకు చెబుతున్నారు? పోయినవి నా చెవులు కాదు. ఆమెకు చెప్పండి."

"తర్వాత మీరు చెబుదురుగాని."

"తప్పు చేసింది నేనా? మీరే చెప్పండి. వినపడేలా."

అని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. కుర్చీలన్నీ నా వెనకే ఉన్నాయి. ఆయన వాచీ చూసుకున్నాడు. అరుగు దగ్గరికెళ్ళి, వంగి, పిన్ని చెవిలో ఏదో అన్నాడు.

పిన్ని ఉలిక్కిపడింది. "చెవిలో గాలి కొడుతోందేంటే? మళ్ళీ ఊదుతున్నారా?"

వ్యాను డ్రైవరు మొహం అటు తిప్పుకున్నాడు. సహకారం గొంతు పెంచాడు. ఎదురింటి తలుపు తెరుచుకుంది, దాని పక్కది కూడా.

"గట్టిగా" అన్నాను.

"హారన్ వెయ్యలేదమ్మా!"

"ఏం వెయ్యలేదూ?"

"హారన్! హారన్ వెయ్యలేదు! పొరపాటు మాదే!"

ఆ అరుపుకు జనం బయటికొచ్చి నిలబడ్డారు. ఎదురింటావిడ బిడ్డను చంకనేసుకుని, "మాకూ వినపడింది బాబూ" అంది. బావ వెనక గదిలోంచి వచ్చి, తల దించుకుని పిన్ని కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. సహకారం మెడదాకా ఎర్రబడ్డాడు.

"వినపడింది" అంది పిన్ని. సందు చివరిదాకా వినపడేలా అంది. "అందిందిలే. చెవులు తెచ్చిస్తాడేమో అడగవే."

ఆయన రుమాలుతో మొహం తుడుచుకుని నావైపు తిరిగాడు. "చెప్పానుగా. ఇక కుర్చీలు ఎక్కించమంటారా?"

కుర్చీల కోసమే వచ్చారని కనిపెట్టి పిన్ని చెయ్యి చాపింది. ఇంట్లోంచి కుర్చీ కదిలే ముందు ఎప్పుడూ చేసే పనే. ఆ రోజు ఆమె చేతిలోంచి దొర్లిపోయిన ఆఖరి కుర్చీని తెచ్చి ముందు పెట్టాను. వేలితో మీటింది. అలవాటుగా తల పక్కకు వంచింది. మళ్ళీ మీటింది.

"మోగిందా?" అంది.

మోగింది. సన్నగా, చక్కగా, ఆమె చేతి కుర్చీలన్నీ మోగినట్టే మోగింది. సహకారం కూడా విన్నాడు. "బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నాడు.

నేను ఆమె అరచేతిని నా చేతిలోకి తీసుకుని రెండుసార్లు నొక్కాను.

పిన్ని మొహం ముడుచుకుంది. "అయితే ఇవ్వకు. మిగతావీ చూడు. మోగనివన్నీ కోసెయ్."

పేము చీల్చే కత్తి అరుగుమీదే ఉంది.